లో కార్బ్ అంటే ఎన్ని గ్రాములు? పరిశోధకుల మధ్య కుదరని కొలత

సంక్షిప్తంగా: పిండిపదార్థాలు తగ్గించిన ఆహారానికి (లో కార్బ్) పోషకాహార పరిశోధనలో అందరూ ఒప్పుకున్న నిర్వచనం ఒకటి లేదు. రోజుకు 20 గ్రాముల పిండిపదార్థాలతో సరిపెట్టుకునేవారు, రోజువారీ శక్తిలో దాదాపు 45 శాతం వాటి నుంచే పొందేవారు అధ్యయనాల్లో ఒకే పేరు కింద కనిపిస్తారు. గ్రాముల్లో కొలిచారా శాతంలోనా, పీచును కలిపారా తీసేశారా, తినమన్నది లెక్కించారా తిన్నది లెక్కించారా అన్నవాటిని బట్టి ఫలితాలు మారిపోతున్నాయి. అన్నమే ప్రధానమైన తెలుగు ప్రాంతాలకు ఈ విదేశీ కొలతలను ఉన్నవి ఉన్నట్టు అన్వయించడం కుదరదు.

బరువు తగ్గడానికైనా, షుగర్ అదుపులోకి రావడానికైనా అన్నం తగ్గించాలన్న మాట ఇప్పుడు తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తోంది. దానికి మద్దతుగా ఒక అధ్యయనం వార్తల్లోకి వచ్చిన కొద్ది రోజులకే, ఆ పద్ధతి ఆయుష్షు తగ్గిస్తుందంటూ మరో అధ్యయనం వస్తుంది. చదివేవారికి శాస్త్రవేత్తలే తేల్చుకోలేకపోతున్నారని అనిపించడం సహజం. ఈ వైరుధ్యంలో కొంత నిజమైనదే. అయితే చాలా సందర్భాల్లో ఆ రెండు అధ్యయనాలూ అసలు ఒకే ఆహారాన్ని పరీక్షించి ఉండవు.

## ఒకే పేరు, వేర్వేరు గీతలు

పరిశోధనల్లో ఎక్కువగా ఉదహరించే వర్గీకరణ 2015లో ‘న్యూట్రిషన్’ పత్రికలో రిచర్డ్ ఫైన్‌మన్, ఆయన సహరచయితలు ఇచ్చినది. దాని ప్రకారం రోజుకు 20 నుంచి 50 గ్రాముల పిండిపదార్థాలు, అంటే 2,000 కేలరీల ఆహారంలో 10 శాతం లోపు తీసుకుంటే అది అతి తక్కువ పిండిపదార్థాల ఆహారం, వాడుకలో కీటో. రోజుకు 130 గ్రాముల లోపు, లేదా శక్తిలో 26 శాతం లోపు ఉంటే తక్కువ. 26 నుంచి 45 శాతం మధ్య ఉంటే మధ్యస్థం, 45 శాతం దాటితే ఎక్కువ. ఈ వ్యాసాన్ని రాసినవారిలో చాలామంది పిండిపదార్థాల తగ్గింపును సమర్థించే పరిశోధకులు, వైద్యులు. తమ పద్ధతిని తేలికపాటి తగ్గింపులతో కలిపి చూడడం వల్ల దాని ప్రభావం మరుగున పడుతోందన్నది వారి ప్రధాన అభ్యంతరం.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2019లో వెలువరించిన నివేదికలో గీతలు ఒక మెట్టు పైకి జరిగాయి. అక్కడ 26 నుంచి 45 శాతం దాకా ఉన్నది ‘తక్కువ’, 26 శాతం లోపు ఉన్నది ‘అతి తక్కువ’. వైద్య ప్రయోగాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2022లో చేసిన సమీక్ష 45 శాతం కంటే తగ్గిన ప్రతి ఆహారాన్నీ ‘తక్కువ’ కిందకే తెచ్చి, 45 నుంచి 65 శాతం మధ్య ఉన్నదాన్ని సమతులంగా పరిగణించింది. జనాభాను ఏళ్ల తరబడి గమనించే కొన్ని అధ్యయనాలు 40 శాతం దగ్గర గీత గీశాయి.

దీని పర్యవసానం చిన్నది కాదు. శక్తిలో 30 శాతం పిండిపదార్థాల నుంచి పొందే వ్యక్తి ఫైన్‌మన్ లెక్కలో మధ్యస్థ వర్గంలో ఉంటే, మిగతా మూడు లెక్కల్లోనూ తక్కువ వర్గంలోకి వస్తారు. 20 శాతం తీసుకునే వ్యక్తి ఒకచోట ‘తక్కువ’, మరోచోట ‘అతి తక్కువ’. గ్రాముల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది: 2,000 కేలరీల ఆహారంలో 45 శాతం అంటే 225 గ్రాములు. కాబట్టి 20 గ్రాములు తినే వ్యక్తి, దానికి పదింతలు తినే వ్యక్తి ఒకే సమీక్షలో ఒకే వైపు చేరే అవకాశం ఉంది.

ఈ శ్రేణిలో శరీర ధర్మంతో నేరుగా ముడిపడిన గీత ఒక్క కీటోదే. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రసెల్ వైల్డర్ మూర్ఛ వ్యాధి చికిత్స కోసం ఈ ఆహారాన్ని ప్రతిపాదించారు. మూర్ఛ చికిత్సలో వాడే సంప్రదాయ పద్ధతిలో కొవ్వు నాలుగు భాగాలైతే ప్రొటీన్, పిండిపదార్థాలు రెండూ కలిపి ఒక భాగం ఉంటాయి. పిండిపదార్థాలు బాగా తగ్గినప్పుడు కాలేయం కొవ్వు నుంచి కీటోన్లనే ప్రత్యామ్నాయ ఇంధనాలను తయారు చేస్తుంది, వాటిని రక్తంలో కొలవవచ్చు. లీటరు రక్తంలో 0.5 మిల్లీమోల్ దాటితే ఆహారం వల్ల కీటోసిస్ ఏర్పడినట్టు చాలామంది పరిశోధకులు లెక్కిస్తారు. అంటే తిన్నది ఎంతో చెప్పడంలో పొరపాటు జరిగినా రక్తపరీక్ష దాన్ని పట్టిస్తుంది. 26, 40, 45 శాతాల దగ్గర ఇలా పట్టి చూపే సూచిక ఏదీ లేదు, శరీరంలో ఆ గీత దాటగానే మారేదీ ఏమీ లేదు. అవి పరిశోధకులు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న హద్దులు.

## 130 గ్రాముల అంకె ఎక్కడిది?

నిర్వచనాలన్నింటిలో తరచుగా వినిపించే 130 గ్రాముల అంకెకు ఆసక్తికరమైన నేపథ్యం ఉంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పిండిపదార్థాలకు రోజువారీ సిఫార్సు నిర్ణయించేటప్పుడు మెదడు వాడుకునే గ్లూకోజును ఆధారంగా తీసుకుంది. కీటోన్ల మీద ఆధారపడకుండా మెదడు పనిచేయడానికి సగటున రోజుకు 100 గ్రాములు అవసరమని అంచనా వేసి, మనుషుల మధ్య ఉండే తేడాల కోసం మరో 30 శాతం కలిపి 130 గ్రాములుగా ఖరారు చేసింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన సిఫార్సుల్లోనూ ఇవే రెండు అంకెలు ఉన్నాయి.

అంటే పోషక సిఫార్సుగా 130 అనేది కనీస అవసరానికి సంబంధించిన అంకె. లో కార్బ్ పరిశోధనలోకి వచ్చేసరికి అదే అంకె గరిష్ఠ పరిమితిగా మారింది. సిఫార్సు కంటే తక్కువ తింటే దాన్ని ‘తక్కువ’ అనడంలో తర్కం ఉంది. అయితే ఆ అంకె బరువు తగ్గడాన్నో, రక్తంలో చక్కెర స్థాయినో చూసి నిర్ణయించినది కాదు. పైగా శరీరం ప్రొటీన్ నుంచి, కొవ్వులోని గ్లిసరాల్ నుంచి గ్లూకోజును తయారు చేసుకోగలదు. తగినంత ప్రొటీన్, కొవ్వు అందుతుంటే ప్రాణం నిలవడానికి ఆహారంలో ఉండి తీరాల్సిన పిండిపదార్థాల కనీస పరిమితి సున్నా కావచ్చని ఆ సంస్థే తన నివేదికలో పేర్కొంది.

## గ్రాములా, శాతమా?

130 గ్రాముల నుంచి 520 కేలరీలు వస్తాయి. 2,000 కేలరీలు తినే మనిషికి అది సరిగ్గా 26 శాతం. కానీ అందరూ 2,000 కేలరీలు తినరు. బరువు తగ్గడానికి 1,500 కేలరీలకు పరిమితమైన మహిళకు అదే 130 గ్రాములు దాదాపు 35 శాతం అవుతాయి. పొలం పనో, నిర్మాణ పనో చేస్తూ 2,800 కేలరీలు తినే మనిషికి 19 శాతం లోపే. గ్రాముల లెక్కలో ఇద్దరూ ఒకే గీత మీద ఉన్నారు, శాతం లెక్కలో ఇద్దరివీ పూర్తిగా వేర్వేరు ఆహారాలు.

రెండు కొలతలకూ వాటి వాటి ప్రయోజనాలు ఉన్నాయి. భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందన్నది ప్రధానంగా తిన్న పిండిపదార్థాల పరిమాణం మీద ఆధారపడుతుంది కనుక మధుమేహ చికిత్సకు గ్రాముల లెక్క పనికొస్తుంది. ఆహారంలో ఒకదాని స్థానంలోకి మరొకటి ఎలా వస్తుందో చూడడానికి శాతం పనికొస్తుంది. శాతానికి మరో సౌలభ్యం కూడా ఉంది. తాము తిన్నది చెప్పేటప్పుడు జనం సాధారణంగా తగ్గించి చెబుతారు. అన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చెబితే గ్రాముల లెక్క తప్పుతుంది గానీ శాతం అంతగా చెదరదు. వాస్తవంలో మాత్రం తీపి తినుబండారాల వంటివి ఎక్కువగా మరుగున పడుతుంటాయి కాబట్టి శాతాన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు.

ఈ రెండు లెక్కల్లోనూ దాగిపోయే విషయం ఇంకోటి ఉంది. పిండిపదార్థాలు తగ్గినప్పుడు ఆ ఖాళీలోకి ఏమి వచ్చిందన్నది ‘లో కార్బ్’ అనే పేరు చెప్పదు. అన్నం తగ్గించి శనగలు, వేరుసెనగలు, పెరుగు పెంచినా అదే పేరు. నెయ్యి, వేట మాంసం పెంచినా అదే పేరు.

## పీచును కలపాలా, తీసేయాలా?

ఎన్ని గ్రాములో తేలాక కూడా ఏది పిండిపదార్థం అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అమెరికా ఆహార ప్యాకెట్ల మీద కనిపించే మొత్తం పిండిపదార్థాల అంకెలో పీచు కూడా కలిసి ఉంటుంది. బ్రిటన్, యూరప్ దేశాల్లో పీచును మినహాయించి, జీర్ణమై ఒంటికి అందేదాన్నే చూపుతారు. ఇక ‘నెట్ కార్బ్స్’ అని ప్యాకెట్ల మీద వేసే అంకెకు అమెరికాలో చట్టబద్ధమైన నిర్వచనం లేదు. తయారీదారులు పీచుతో పాటు కొన్ని రకాల తీపి పదార్థాలను కూడా తీసేసి ఆ అంకెను చూపుతుంటారు.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో బియ్యాన్ని, రాగులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల తెల్ల బియ్యానికి పిండిపదార్థాలు 78.24 గ్రాములు, పీచు 2.81 గ్రాములు. రాగులకు పిండిపదార్థాలు 66.82 గ్రాములు, పీచు 11.18 గ్రాములు. ఈ పట్టికలో పిండిపదార్థాల అంకెను తేమ, ప్రొటీన్, కొవ్వు, ఖనిజాలతో పాటు పీచును కూడా తీసేసి లెక్కగట్టారు. ఇలా చూస్తే రెండింటి మధ్య 11 గ్రాములకు పైగా తేడా ఉంది. అదే అమెరికా పద్ధతిలో పీచును కలిపితే బియ్యానికి 81, రాగులకు 78 గ్రాములు వచ్చి, తేడా మూడు గ్రాములకు కుంచించుకుపోతుంది. ధాన్యమూ మారలేదు, తినే మనిషీ మారలేదు. లెక్క కట్టే పద్ధతి మారడంతోనే ఒకటి మెరుగైనదిగానో, రెండూ ఒకటేగానో కనిపిస్తున్నాయి. ఏ దేశపు పట్టికతో లెక్కించారో స్పష్టంగా రాయని అధ్యయనాలను పోల్చేటప్పుడు ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ.

## తినమన్నది ఒకటి, తిన్నది ఒకటి

ప్రయోగాల్లో అన్నింటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. పాల్గొన్నవారికి ఏం చెప్పారన్న దాన్ని బట్టి అధ్యయనానికి పేరు పెడతారు. ఫలితం మాత్రం వారు నిజంగా తిన్నదాన్ని బట్టి వస్తుంది.

2003లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఒక ప్రయోగంలో తీవ్ర ఊబకాయం ఉన్న 132 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు రోజుకు 30 గ్రాములు మించవద్దని చెప్పారు. ఆరు నెలల తర్వాత ఆ జట్టు సగటున శక్తిలో 37 శాతాన్ని పిండిపదార్థాల నుంచే పొందుతోంది. కీటో స్థాయి సూచనతో మొదలైన ప్రయోగం మధ్యస్థ స్థాయి ఆహారపు ఫలితాలతో ముగిసింది. ఇజ్రాయెల్‌లోని డిమోనాలో 322 మందితో రెండేళ్లు నడిచిన ‘డైరెక్ట్’ ప్రయోగంలోనూ ఇదే ధోరణి కనిపించింది. తొలి రెండు నెలలు 20 గ్రాములు, ఆ తర్వాత క్రమంగా 120 గ్రాముల వరకు అనుమతించగా, రెండేళ్ల చివర తక్కువ పిండిపదార్థాల జట్టు దాదాపు 40 శాతం దగ్గర నిలిచింది. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 609 మందితో చేసిన ‘డైట్‌ఫిట్స్’ ప్రయోగంలో 20 గ్రాములతో మొదలైనవారు ఏడాది చివరికి సగటున 130 గ్రాముల దగ్గరకు, శక్తిలో 30 శాతానికి చేరారు. అందులో కొవ్వు తగ్గించిన జట్టు 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించిన జట్టు 6 కిలోలు తగ్గాయి. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధకులు తేల్చారు.

ఇలాంటి ఫలితాలను చూసి కీటో పనిచేయదని ఒక పక్షం, కీటోను సరిగా పరీక్షించనే లేదని మరో పక్షం వాదిస్తాయి. రెండు వాదనల్లోనూ పస ఉంది. కఠినమైన నియమాన్ని ఏడాది పాటు నిలబెట్టుకోలేకపోవడం కూడా ఆ ఆహార పద్ధతి గురించి తెలిసివచ్చే సమాచారమే. వైద్య సలహా ఇచ్చే దృష్టితో చూస్తే అది ముఖ్యమైన సమాచారం. శరీరంలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే మాత్రం భోజనం వండి పెట్టి, ప్రతి ముద్దనూ తూచే ప్రయోగం కావాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆవరణలో 20 మందిని ఉంచి 2021లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగం అలాంటిది. అందులో ఒక ఆహారంలో పిండిపదార్థాలు 10 శాతం, మరోదానిలో 75 శాతం. నిర్వచనం విషయంలో ఏ సందేహానికీ తావు లేదు. కడుపు నిండా తినవచ్చని చెప్పినప్పుడు కొవ్వు తక్కువగా, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఆహారం మీద ఉన్నవారే రోజుకు దాదాపు 690 కేలరీలు తక్కువ తిన్నారు. అయితే ఒక్కో ఆహారాన్ని తిన్నది రెండేసి వారాలే. కొలత పక్కాగా ఉంటే వ్యవధి చిన్నదవుతోంది, వ్యవధి పెరిగితే కొలత సడలుతోంది.

## గీత జరిగితే ఫలితమూ జరుగుతుంది

2021లో బ్రిటిష్ వైద్య పత్రిక ‘బీఎంజే’లో వచ్చిన సమీక్ష 26 శాతం లేదా 130 గ్రాముల లోపు అన్న నిర్వచనంతో టైప్ 2 మధుమేహం ఉన్నవారి మీద జరిగిన 23 ప్రయోగాలను పరిశీలించింది. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపుకు రావడాన్ని ప్రమాణంగా తీసుకుంటే, ఆరు నెలలకు ఈ ఆహారం తీసుకున్నవారిలో 57 శాతం, ఇతరుల్లో 31 శాతం ఆ స్థాయికి చేరారు. మందులు లేకుండానే చేరినవారిని లెక్కిస్తే ఆ ప్రయోజనం తగ్గింది. ఏడాది తర్వాతి సమాచారం పలచగా ఉంది. మరుసటి ఏడాది వచ్చిన కాక్రేన్ సమీక్ష 45 శాతం గీతతో 61 ప్రయోగాలను, 6,925 మందిని కలిపి చూసి, సమతుల ఆహారంతో పోలిస్తే బరువు తగ్గడంలో తేడా స్వల్పం లేదా శూన్యం అని చెప్పింది.

ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నాయని అనుకోవడం తొందరపాటు. మొదటిది మధుమేహ రోగులకే పరిమితమై చక్కెరను ప్రధానంగా చూసింది, రెండోది మధుమేహం లేనివారినీ కలుపుకొని బరువును చూసింది. గీతలు కూడా వేర్వేరు. ‘బీఎంజే’ సమీక్షలోనే మరో సూక్ష్మం ఉంది. ఆరు నెలల దగ్గర, పిండిపదార్థాలు అతి తక్కువగా తినమన్న ప్రయోగాల కంటే కాస్త సడలింపు ఇచ్చిన ప్రయోగాల్లోనే బరువు ఎక్కువగా తగ్గింది. నియమాన్ని ఎంతమంది పాటించారన్న దానితో ఈ తేడాను వివరించవచ్చని రచయితలు తేల్చారు.

ఆయుష్షు గురించిన వార్తలది మరో దారి. 2018లో ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’లో వచ్చిన విశ్లేషణ అమెరికాలో 15,428 మందిని దీర్ఘకాలం గమనించి, శక్తిలో 50 నుంచి 55 శాతం పిండిపదార్థాల నుంచి పొందినవారిలో మరణాల ముప్పు అతి తక్కువగా ఉందని, 40 శాతం లోపు, 70 శాతం పైన ఉన్నవారిలో ఎక్కువగా ఉందని తెలిపింది. వీరెవరినీ ఏదో ఒక డైట్ పాటించమని ఎవరూ కోరలేదు. ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులతో వారి అలవాటును అంచనా వేశారు. కీటో పాటించేవారికి ఈ ఫలితాన్ని వర్తింపజేయడం అందుకే సరికాదు. ఆ విశ్లేషణలోనే పిండిపదార్థాల స్థానంలో మాంసాహారం పెరిగితే ముప్పు ఎక్కువగా, మొక్కల నుంచి వచ్చే ప్రొటీన్, కొవ్వులు పెరిగితే తక్కువగా కనిపించింది. శీర్షికల్లో ఈ రెండో సగానికి చోటు దొరకలేదు.

## అన్నం తినే చోట

భారతదేశంలో మొదలయ్యే చోటే వేరు. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ‘ఇండియాబ్’ సర్వేలో భాగంగా 2025లో వెలువడిన విశ్లేషణ భారతీయుల శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని చూపింది. 2,000 కేలరీలకు అది 310 గ్రాములు. పాశ్చాత్య ప్రయోగాల్లో పోలికకు వాడే సాధారణ జట్టు తరచూ 50 శాతం దగ్గర ఉంటుంది. అక్కడ ‘ఏమీ తగ్గించని’ జట్టుకు ఇచ్చే ఆహారం ఇక్కడి మనిషికి 60 గ్రాముల కోత.

130 గ్రాముల పరిమితిని ఒక తెలుగు వంటింట్లో పెట్టి చూస్తే దాని కాఠిన్యం అర్థమవుతుంది. రోజుకు 50 గ్రాముల కందిపప్పు వండుకుంటే దాని నుంచి 27 గ్రాములు, పావు లీటరు పాలు లేదా దానితో తోడుపెట్టిన పెరుగు నుంచి సుమారు 12 గ్రాములు, కూరగాయల నుంచి ఓ 15 గ్రాములు వస్తాయని అనుకుంటే 54 గ్రాములు అక్కడికే అయిపోతాయి. మిగిలిన 76 గ్రాముల్లో 100 గ్రాముల బియ్యం కూడా పట్టదు. అది మూడు పూటలకూ కలిపి. ఇడ్లీ, దోసె తింటే ఆ మేరకు అన్నం ఇంకా తగ్గాలి. కీటోకు పెట్టిన 50 గ్రాముల హద్దైతే ఒక్క మెతుకు తినకముందే పప్పు, పెరుగు, కూరలతోనే దాటిపోతుంది. కొన్నేళ్ల క్రితం తెలుగు రాష్ట్రాల్లో ప్రచారంలోకి వచ్చిన వీఆర్‌కే డైట్ వంటివి అన్నం, చపాతీలు మానేసి కొబ్బరి నూనె వంటి కొవ్వుల మీద ఆధారపడమనడానికి ఈ లెక్కే కారణం. పప్పు, పెరుగు భోజనానికి వెన్నెముక అయిన చోట కీటో అంటే అన్నం ఒక్కటి మానడం కాదు, భోజనం మొత్తం మారిపోవడం.

భారతీయ పరిశోధకులు సూచిస్తున్న మార్పు అంత దూరం వెళ్లదు. ‘ఇండియాబ్’ సర్వేలోని 18,090 మంది సమాచారంతో 2022లో ‘డయాబెటిస్ కేర్’లో ప్రచురించిన గణిత నమూనా, కొత్తగా మధుమేహం బయటపడినవారిలో అది వెనక్కి మళ్లాలంటే పిండిపదార్థాలను 49 నుంచి 54 శాతానికి తగ్గించి, ప్రొటీన్‌ను 19, 20 శాతానికి పెంచాలని అంచనా వేసింది. ఇది ప్రయోగంలో తేలిన ఫలితం కాదు, గణాంకాల నుంచి తీసిన అంచనా. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాలు, చిరుధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించవద్దని చెబుతున్నాయి. ఇది ధాన్యాలకు మాత్రమే పెట్టిన పరిమితి, మొత్తం పిండిపదార్థాలకు కాదు. పప్పులు, పాలు, పండ్ల నుంచి వచ్చేది దీనికి అదనం. అంతర్జాతీయ వర్గీకరణల్లో ఈ సూచనలేవీ ‘తక్కువ’ కిందకు రావు. ఫైన్‌మన్ పట్టికలో 50 శాతం అంటే ‘ఎక్కువ’. అలాగని అన్నం ప్లేటులో అది చిన్న మార్పు కాదు.

## మందులు వాడేవారికి ఈ తేడా ఎందుకు ముఖ్యం?

మందుల దగ్గరకు వచ్చేసరికి నిర్వచనంలోని గందరగోళం ప్రమాదంగా మారుతుంది. ఇన్సులిన్, లేదా గ్లిమిపిరైడ్ వంటి సల్ఫొనైల్‌యూరియా మాత్రలు వాడేవారు పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గించి, మందుల మోతాదు అలాగే ఉంచితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపుతాయి. వీటిని వాడుతూ కీటో స్థాయికి దిగితే, చక్కెర మరీ ఎక్కువగా లేకపోయినా రక్తంలో ఆమ్లత పెరిగే కీటోఅసిడోసిస్ అనే స్థితి రావచ్చు. గ్లూకోమీటరులో అంకె మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వచ్చినా అసలు కారణం వెంటనే తట్టకపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అతి తక్కువ పిండిపదార్థాల ఆహారం తగదని, ఈ రకం మాత్రలు వాడేవారు జాగ్రత్తగా ఉండాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నివేదిక హెచ్చరించింది.

రోజుకు 300 గ్రాముల నుంచి 250కి తగ్గిన మనిషికీ, 300 నుంచి 40కి తగ్గిన మనిషికీ మందుల సర్దుబాటు ఒకేలా ఉండదు. ఇద్దరూ డాక్టరు దగ్గర ‘లో కార్బ్ చేస్తున్నాను’ అనే చెబుతారు. మోతాదు మార్చాలా, ఎంత మార్చాలి, ఏ మాత్ర ఆపాలి అని తేల్చడానికి డాక్టరుకు కావలసినవి ఇంతకుముందు రోజుకు ఎంత బియ్యం తినేవారు, ఇప్పుడు ఎంత తింటున్నారు, దాని బదులు ఏం తింటున్నారు అన్న మూడు వివరాలు.